ఇంట్లో అడగలేని ప్రశ్నలు

అందరికీ నమస్కారం.

పిల్లల్ని బెంగళూరులో చదివిస్తున్న తల్లిదండ్రులు ఈ హాల్లో చాలామంది ఉన్నారు. లైంగిక ఆరోగ్యం అనగానే ‘మా ఇంట్లో అలాంటివి లేవండీ’ అనిపిస్తుంది. ఇంటి డబ్బు, చదువు కొంత తేడా తెస్తాయి, నిజమే. కాలేజీ కౌన్సెలర్‌గా నేను అంతకన్నా ముఖ్యంగా చూసేది ఒకటుంది: కష్టం వస్తే ఈ బిడ్డ ఇంటికి ఫోన్ చేయగలదా?

మన పిల్లలు వచ్చే దారి చూడండి. పదో తరగతి అవగానే కార్పొరేట్ కాలేజీ హాస్టల్. రెండేళ్లు స్టడీ అవర్లే లోకం. అబ్బాయిలకో క్యాంపస్, అమ్మాయిలకో క్యాంపస్. ఎంపీసీ వాళ్లకు జీవశాస్త్రం పదితోనే ఆఖరు. ఆ పునరుత్పత్తి పాఠాన్ని కూడా చాలా బళ్లలో ‘ఇంటి దగ్గర చదువుకోండి’ అని దాటేస్తారు. ఆపైన బెంగళూరు మారతహళ్లిలో ఏదో పీజీ హాస్టల్. అడగడానికి పక్కన అక్కా ఉండదు, పిన్నీ ఉండదు. ఫోన్లో చూసిందే పాఠం. అబ్బాయిలకు మనం చేసే అన్యాయం ఇంకా పెద్దది. అవతలి మనిషి ఇష్టం తెలుసుకోవాలని, కండోమ్ తన బాధ్యతని ఏ ఇంట్లో చెబుతున్నాం? ఇంట్లో కొట్లాటలు చూస్తూ పెరిగిన పిల్లల్లో కొందరికి బలవంతం కూడా ప్రేమలాగే కనిపిస్తుంది.

భయం వల్ల జరిగే పెద్ద నష్టం ఆలస్యం. గర్భం రాకుండా వేసుకునే అత్యవసర మాత్ర 72 గంటల్లోపు, ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది. హెచ్‌ఐవీ సోకే ప్రమాదం జరిగితే నివారణ మందులూ 72 గంటల్లోపే మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. ఆ మూడు రోజులూ పిల్లలకు ఒకటే టెన్షన్. బిల్లు కడితే నాన్నకు తెలుస్తుందా? ఇన్సూరెన్స్ మెసేజ్ ఎవరి ఫోన్‌కు వెళ్తుంది? డాక్టరు ‘పెళ్లయిందా’ అంటే ఏం చెప్పాలి? క్లమీడియా లాంటి లైంగిక వ్యాధులైతే చాలామందిలో నొప్పీ మంటా లేకుండానే ఉంటాయి. వైద్యం చేయించుకోకపోతే తర్వాత పిల్లలు పుట్టడమే కష్టం కావచ్చు.

విద్యార్థులకు కూడా చెప్పాలి. పద్దెనిమిదేళ్లు నిండిన అమ్మాయి గర్భస్రావానికి తల్లిదండ్రుల సంతకం అక్కర్లేదు, ఆమె సమ్మతి చాలు. గర్భస్రావ చట్టంలో పెళ్లికానివారిని వేరుగా చూడకూడదని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. ప్రభుత్వాసుపత్రుల్లోని ఐసీటీసీ (కౌన్సెలింగ్, పరీక్ష) కేంద్రాల్లో హెచ్‌ఐవీ పరీక్ష ఉచితం, వివరాలు బయటికి చెప్పరు. అనుమానముంటే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేయండి.

అమ్మా, అయ్యా, మాట ఎలా మొదలుపెట్టాలో తెలియకపోతే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకాతో మొదలుపెట్టండి. 9 నుంచి 14 ఏళ్ల మధ్య వేయిస్తే మేలు, 26 ఏళ్ల వరకూ వేయించవచ్చు. దసరా సెలవులకు పిల్లలు వచ్చినప్పుడు ‘ఏం జరిగినా ముందు నాకు ఫోన్ చెయ్యి, ఆస్పత్రి ముందు, తిట్లు తర్వాత’ అని చెప్పండి. నాన్నలు కొడుకులకూ చెప్పాలి.

ఇక మీ ప్రశ్నలు. లేచి అడగడం ఇబ్బందైతే చీటీ మీద రాసి ఇవ్వండి, పేరు అక్కర్లేదు.