తోక తెగిన ప్రొటీన్

శ్రోతలకు నమస్కారం.

మన ఒంట్లో కాలేయం కణానికీ మెదడు కణానికీ డీఎన్‌ఏ ఒకటే. మరి కాలేయం ఆలోచించదేం? ఏ జన్యువు పలకాలి, ఏది నోరు మూసుకోవాలి అన్నది కణం కణానికీ వేరు కాబట్టి. ఈ మాట పుస్తకాల్లో చదివినప్పుడు నాకు పెద్దగా పట్టలేదు. పట్టింది మాత్రం ఓ తోక తెగిన ప్రొటీన్ కథ విన్నాక.

మెదడు అడుగున న్యూక్లియస్ అకంబెన్స్ అని చిన్న ముద్ద ఉంది. 'బాగుంది, ఇంకొంచెం' అనిపించే వలయంలో ముఖ్యమైన మజిలీ అది. ఎలుకల్లో చూస్తే అక్కడి నాడీకణాల్లో 90 శాతానికి పైగా ఒకే పోలిక. పోలిక ఒకటే గానీ, రెండు తెగలు. ఒక తెగ డోపమైన్ అనే మెదడు రసాయనాన్ని డీ1 అనే గ్రాహకంతో అందుకుంటుంది, ఇంకోటి డీ2తో.

ఇప్పుడు మన కథ. ఫాస్‌బీ అనే జన్యువు నుంచి కణం రెండు రకాల ప్రొటీన్లు చేస్తుంది. ఒకటి నిండైనది, ప్రొటీన్ గొలుసులో పూసల్లాంటి అమైనో ఆమ్లాలు 338. రెండోది డెల్టా ఫాస్‌బీ, 237తో ఆగిపోతుంది. పోయిన ఆ తోకలోనే 'నన్ను త్వరగా విరగ్గొట్టండి' అనే గుర్తులుంటాయి. తోక లేదు, గుర్తుల్లేవు. నిండైనది గంటల్లో మాయమవుతుంది. తోక తెగినది వారాలుంటుంది. వారాలండీ! ఎలుకకి రోజూ కొకైన్ ఇస్తే ఇది కొంచెం కొంచెంగా పేరుకుంటుంది. పేరుకుని, వేరే జన్యువుల్లో కొన్నిటిని లేపుతుంది, కొన్నిటిని అణిచేస్తుంది. కొకైన్ ఆపేశాక కూడా.

ఏ కణంలో? అసలు ప్రశ్న అదీ. కొకైన్‌తో అయితే డీ1 కణాల్లో పేరుకుంటుంది. మానసిక వ్యాధులకిచ్చే హాలోపెరిడాల్‌తో అయితే డీ2 కణాల్లో. అదే ప్రొటీన్, అదే ముద్ద, ఇరుగుపొరుగు కణాలు. ముద్ద మొత్తం నూరి కొలిచామనుకోండి, రెండు చోట్లా ఒకటే జవాబు: 'పెరిగింది'. తేడా అంతా ఆ నూరడంలోనే పోతుంది. ఇప్పుడు ఒక్కో కణంలోని ఆర్‌ఎన్‌ఏని, అంటే పలుకుతున్న జన్యువుల నకళ్లని, విడివిడిగా చదివే పద్ధతులొచ్చాయి. నన్నడిగితే కొత్త మందుల కన్నా ముందు మెచ్చుకోవాల్సింది ఈ ఓపికనే.

సమయం అయిపోవస్తోంది, ఒక్క మాట. 'వ్యసనానికి జన్యువు దొరికింది' అని ఎక్కడైనా వింటే ఉలిక్కిపడకండి. ఒక్క జన్యువుతో తేలే వ్యవహారం కాదది. పైగా నే చెప్పిందంతా చాలావరకు ఎలుకల సంగతి. చెప్పినవాళ్లని ఒకటే అడగండి. ఏ కణంలో?

నమస్కారం.