కోహా ప్యాకేజీ రివ్యూ: ఇన్‌స్టాల్ సరే, అప్‌గ్రేడ్ సంగతేంటి?

నమస్తే అందరికీ. హన్మకొండ, కాజీపేట వైపు కాలేజీ లైబ్రేరియన్లు ఎక్కువగా అడిగేది ఒకటే, లైబ్రరీ సాఫ్ట్‌వేర్ కోహా పెట్టుకుందామంటే మా దగ్గర సర్వర్ చూసుకునే మనిషి లేడు, మాతోని అవుతుందా అని. అందుకే ఈ వీడియోలో కోహా ఫీచర్ల జోలికి పోవట్లేదు, దాని డెబియన్ ప్యాకేజీ, అంటే డెబియన్ అనే లైనక్స్‌లో ఒక్క కమాండ్‌తో ఎక్కించుకునేలా కట్టిన మూట, ఎట్లా ఉందో మాత్రమే చూద్దాం.

కోహా న్యూజిలాండ్‌లో పుట్టిన ఓపెన్ సోర్స్ లైబ్రరీ సాఫ్ట్‌వేర్, 2000 జనవరి నుంచి వాడకంలో ఉంది. పెర్ల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాశారు. పాత పద్ధతిలో అయితే కోడ్ ఉన్న టార్ ఫైల్ దింపుకుని, కావాల్సిన పెర్ల్ మాడ్యూళ్లు (దానికి అవసరమైన చిన్న ప్రోగ్రాములు) అన్నీ ఒక్కొక్కటిగా ఎక్కించి, మేక్, మేక్ టెస్ట్, మేక్ ఇన్‌స్టాల్ అని కమాండ్లు ఇస్తూ పోవాలి, మధ్యలో ఒక్క మాడ్యూల్ మొండికేసినా పని అక్కడే ఆగిపోతుంది.

ఇప్పుడు స్క్రీన్ మీద చూడండి. కోహా వాళ్ల రిపాజిటరీ (ప్యాకేజీలు దొరికే ఆన్‌లైన్ చోటు) కలిపి, డేటాబేస్ సాఫ్ట్‌వేర్ మరియాడీబీ వేసి, డెబియన్‌లో ప్యాకేజీలు ఎక్కించే ఆప్ట్ కమాండ్‌తో కోహా-కామన్ అనే ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేస్తే మాడ్యూళ్లన్నీ వాటంతట అవే వస్తాయి. తర్వాత కోహా-క్రియేట్ అని కమాండ్ ఇస్తే మీ లైబ్రరీకి డేటాబేస్, సెట్టింగులు తయారు. ఒకే మేనేజ్‌మెంట్ కింద డిగ్రీ కాలేజీ, పీజీ కాలేజీ ఉంటే ఒకే సర్వర్‌లో రెండూ వేర్వేరుగా పెట్టుకోవచ్చు, ఇది నాకు బాగా నచ్చింది.

నచ్చనిది కూడా ఇక్కడే ఉంది. కోహా-సైట్స్ అనే ఫైల్ తెరిస్తే డొమైన్ దగ్గర ఏదో నమూనా పేరు ఉంటుంది, స్టాఫ్ పేజీకి, విద్యార్థుల పేజీకి పోర్ట్ (సర్వర్‌లో పేజీ తెరుచుకునే తలుపు నంబర్ లాంటిది) ఒకటే, 80. సొంత డొమైన్ లేని కాలేజీ రెండు పేజీలూ వేరుగా తెరుచుకోవడానికి స్టాఫ్ పేజీకి 8080 అని మార్చి, పేజీలు చూపించే వెబ్ సర్వర్ అపాచీ పోర్ట్‌ల ఫైల్‌లో కూడా ఆ నంబర్ రాయాలి. రాయకపోతే పేజీ తెరుచుకోదు, ఎందుకో అర్థం కాదు. ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడే "మీకు డొమైన్ ఉందా?" అని అడిగితే చాలు కదా! పుస్తకాల మీద ఇంత పట్టున్న లైబ్రేరియన్‌ని అపాచీ ఫైళ్లలోకి దింపడం న్యాయం కాదు.

ఇక అప్‌గ్రేడ్. ప్యాకేజీ అసలు విలువ ఇందులోనే ఉందని నా గట్టి నమ్మకం, ఎందుకంటే ఇన్‌స్టాల్ ఒక్కసారే, అప్‌గ్రేడ్ మాత్రం వస్తూనే ఉంటుంది. ఏటా మేలో ఒకటి, నవంబర్‌లో ఒకటి పెద్ద వర్షన్లు. ప్రోగ్రామ్ ఒకచోట, సెట్టింగులు ఈటీసీ అనే ఫోల్డర్ కింద, పుస్తకాల డేటా మరియాడీబీలో ఉంటాయి కాబట్టి ఆప్ట్ కొత్త ప్రోగ్రామ్ తెచ్చినా మీ డేటా ఉన్నచోటే ఉంటుంది, టేబుళ్లలో చేయాల్సిన మార్పులు కూడా ప్యాకేజీయే చేస్తుంది. కాలేజీ లోగో కోసం టెంప్లేట్ ఫైళ్లనే (కోహా పేజీల రూపం ఉండే ఫైళ్లు) నేరుగా దిద్దిన వాళ్లకు మాత్రం అప్‌గ్రేడ్‌తో అదంతా పోతుంది. ఆ పని కోహాలోనే ఉండే సిస్టమ్ ప్రిఫరెన్సుల్లో సీఎస్ఎస్ (పేజీ రూపం మార్చే కోడ్) పెట్టే చోట చేసుకోండి.

రిపాజిటరీ లైన్‌లో స్టేబుల్ అని రాసుకుంటే పెద్ద వర్షన్ మారినప్పుడు మీరూ దాంతోపాటు మారిపోతారు. పరీక్షల ముందు, నో డ్యూస్ కోసం పిల్లలు లైన్ కట్టిన రోజుల్లో ఆ టెన్షన్ అవసరమా? అక్కడ వర్షన్ నంబరే రాసుకుని, ఎండాకాలం సెలవుల్లో మార్చుకోండి.

మధ్యలో కరెంటు పోయి అప్‌గ్రేడ్ ఆగిపోతే కంగారుపడి మళ్లీ మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేయకండి. డీపీకేజీ కాన్ఫిగర్ కమాండ్ ఇస్తే చాలాసార్లు ఆగిన దగ్గరి నుంచి అందుకుంటుంది. రోజువారీ బ్యాకప్ ప్యాకేజీయే తీస్తుంది గానీ అది అదే సర్వర్‌లో ఉంటుంది, డిస్క్ పోతే బ్యాకప్ కూడా పోయినట్టే, కాబట్టి కోహా-డంప్ అనే కమాండ్‌తో బ్యాకప్ తీసి పెన్‌డ్రైవ్‌లో వేసుకున్నాకే అప్‌గ్రేడ్ మొదలుపెట్టండి. కమాండ్లన్నీ కింద డిస్క్రిప్షన్‌లో వరుసగా ఇచ్చాను, మీ కాలేజీలో ఎక్కడ ఆగిందో కామెంట్లో రాయండి.