బజ్జీల బండి మీది స్టిక్కర్

విద్యార్థులందరికీ నమస్కారం. నాకిచ్చిన అంశం ‘టెక్ రంగంలో సృజన, పని అలవాట్లు’. పెద్ద పెద్ద మాటలు. నేను మాత్రం ఒక స్టిక్కర్ గురించి మాట్లాడతాను.

మన శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలిలో సాయంత్రం ఏ బజ్జీల బండి దగ్గర ఆగినా మూకుడు పక్కన క్యూఆర్ స్టిక్కర్ ఉంటుంది. నూనె మరకలు, లేచిపోయిన అంచు. “చిరిగిపోనాది గానీ డబ్బులైతే పడతన్నాయి బాబూ” అంటాడు బండాయన. ఎలా పడుతున్నాయి?

యూపీఐ వచ్చింది 2016లో. ఆ గళ్ల బొమ్మ మాత్రం 1994 నాటిది. జపాన్‌లో కార్ల విడిభాగాలు తయారుచేసే డెన్సోలో మసహిరో హారా అనే ఇంజనీరు రూపొందించారు. అంతకుముందు అక్కడ బార్‌కోడ్లు వాడేవారు. ఒక్కోదాంట్లో 20 అక్షరాలకి మించి పట్టేవి కావు. దాంతో ఒకే పెట్టెకి బోలెడన్ని అంటించాల్సి వచ్చేది. ఒకటి తర్వాత ఒకటి స్కాన్ చేయలేక పనివాళ్లు విసిగిపోయారు. పైగా ఫ్యాక్టరీ అన్నాక నూనె, మసి తప్పవు. అంటే మన బజ్జీల బండికి కావలసిన గుణం ఆ స్టిక్కర్‌కి పుట్టుకతోనే వచ్చింది. దెబ్బతిన్న భాగాన్ని లెక్కగట్టి తిరిగి రాబట్టే రీడ్-సాలమన్ పద్ధతి 1960 నాటిది. దాన్ని ఇందులో వాడారు. కోడ్ తయారుచేసేటప్పుడు ఈ దిద్దుబాటుకి గరిష్ఠ స్థాయి ఎంచుకుంటే దాదాపు 30 శాతం పాడైనా కోడ్ చదవొచ్చు.

ఈ కథ చెప్పేవాళ్లు ఎక్కువగా గో ఆట దగ్గర ఆగిపోతారు. భోజన విరామంలో ఆడే ఆ ఆటలో, గళ్ల పలక మీది నల్లరాళ్లూ తెల్లరాళ్లూ చూసి హారాకి ఆలోచన తట్టిందట. బాగుంది. నాకు మాత్రం ఆ తర్వాత జరిగిందే ఇష్టం. కోడ్ ఎక్కడుందో యంత్రం చటుక్కున పట్టుకోవాలంటే మూలల్లో ఒక గుర్తు ఉండాలి. అచ్చుకాగితాల మీద మామూలుగా కనబడే ఆకారమైతే యంత్రం తికమకపడుతుంది. అందుకని కరపత్రాలు, పత్రికలు, అట్టపెట్టెలు ముందేసుకుని, వాటి మీది బొమ్మల్లోనూ అక్షరాల్లోనూ నలుపు తెలుపుల నిష్పత్తులు లెక్కపెట్టారు. అన్నిటికంటే అరుదైనది 1:1:3:1:1 అని తేలింది. ఫోన్ తీసి చూడండి. మూలనున్న చతురస్రం మధ్యలోంచి ఎటు గీత గీసినా నలుపు, తెలుపు, నలుపు, తెలుపు, నలుపు ఆ లెక్కలోనే వస్తాయి. ఇందులో మెరుపెంత, చాకిరీ ఎంత? మీరే చెప్పండి.

ఆ చాకిరీకి ముక్కలవ్వని సమయం కావాలి. మన రంగంలో అర్ధరాత్రి మెయిల్ పెట్టినవాడికి పేరొస్తుంది. నేను చూసినంతలో ఆ రాత్రి పనిలో సగం, పగలు మీటింగులూ చాట్ మెసేజీలూ మింగేసిన పనే. పేరున్న కంప్యూటర్ శాస్త్రవేత్త డోనాల్డ్ నూత్ 1990 జనవరి 1 నుంచి ఈమెయిల్ మానేశారు. ఎప్పటికప్పుడు అన్నీ తెలుసుకుంటూ ఉండాల్సినవాళ్లకి ఈమెయిల్ మంచిదేనట, తన పని మాత్రం విషయం అడుగు దాకా వెళ్లడమట. అయితే ఆయన అప్పటికే స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్. మీరు చేరిన కొత్తలో మెయిల్ మానేస్తే ఉద్యోగం మానేసినట్టే! పొద్దున్నే ఓ రెండు గంటలు ఫోన్ సైలెంట్‌లో పెట్టుకోండి, ముందు అది చాలు.

అయినా అడుగుదాకా వెళ్లడం మన జిల్లాకి కొత్తేం కాదు. పొందూరులో పత్తి దువ్వడానికి వాలుగ చేప దవడ ఎముక వాడతారు. ఇనుప దువ్వెనలు దొరక్క కాదు. ఆ ఎముక మీద వరసగా ఉండే సన్నటి పళ్లకి పోగు తెగదు, చెత్త మాత్రం వచ్చేస్తుంది. రోజూ పత్తి చేతుల్లో ఆడేవాళ్లకే తట్టే ఉపాయమది.

మనకి తట్టాల్సినవి ఎన్ని ఉన్నాయో చూడండి. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అనే ఒక్క తెలుగు అక్షరం, మధ్యలో కంటికి కనబడని గుర్తుతో కలిసి మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ ఆ నెలలోనే సవరణ విడుదల చేసిందనుకోండి. చిన్న బాధలైతే ఇప్పటికీ పోలేదు. ఇంగ్లీషు అక్షరాల ఎత్తుకి కొలిచి చేసిన బటన్‌లో తెలుగు పెడితే పైన గుడి తెగుతుంది, కింద వత్తు తెగుతుంది. ‘శ్రీకాకుళం’ అని రాసి చూడండి, మొదటి అక్షరానికే తెలిసిపోతుంది. ఇంటిపేరు ముందు రాసుకునే మనల్ని ‘లాస్ట్ నేమ్’ అడిగే ఫారాల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇవి ఎక్కడో గాజు గదిలో కూర్చున్నవాడి కంటికి ఆనవు. మీకు రోజూ కనిపిస్తాయి, అందుకే అలవాటైపోయాయి.

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి ఇంటర్నెట్‌లో పాత టైటిల్ వెతక్కండి. ఓ సాయంత్రం ఆర్టీసీ కాంప్లెక్స్‌కో రైతుబజారుకో వెళ్లి, ఎవరైనా ఫోన్లో టికెట్టు తీస్తుంటేనో డబ్బు పంపుతుంటేనో వాళ్లనడిగి పక్కన కూర్చోండి. ఎక్కడ వేలు ఆగిందో, ఎక్కడ “ఏటి బాబూ ఇది” అని మీవైపు తిరిగారో రాసుకోండి. సాయం చేయాలని చెయ్యి దురద పెడుతుంది, ఓర్చుకోండి. పిన్ కొట్టేటప్పుడు మాత్రం మొహం పక్కకి తిప్పుకోండి. మీరు రాసుకొచ్చిన కాగితం మీ గైడ్‌కి చూపించండి. “ఇందులో ప్రాజెక్టు ఏముంది” అంటే, మీరు రాసుకున్న చోట వేలు ఎందుకు ఆగిందో ఆయన్నే అడగండి.