ఫోన్‌లో ఫ్రీ చదువు: ఏది పెట్టుకోవచ్చు, ఏది వదిలేయొచ్చు

నమస్కారమండి. శ్రీకాకుళం నుంచి మాట్లాడుతున్నాను. బడులు తెరిచారంటే చాలు, మా ట్యూషన్‌కి పిల్లల్ని దింపడానికి వచ్చే అమ్మానాన్నలు ఒకటే అడుగుతారు: "మాస్టారూ, ఫోన్‌లో ఫ్రీగా చదువుకోడానికి ఏది పెట్టమంటారు?" ఇవాళ అదే చూద్దాం. డబ్బు కట్టించుకునే యాప్‌ల జోలికి పోను. "మొదటి వారం ఫ్రీ" అంటూ కార్డు నంబరు అడిగేవి కూడా నా లెక్కలో ఫ్రీ కావు.

నేను చూసేది రెండే. చూడటం అయ్యాక పిల్లాడి చేత ఏమైనా చేయిస్తుందా? రోజుకి ఒకటిన్నర జీబీతో సరిపెట్టుకునే ఇంట్లో పనికొస్తుందా? ఎన్ని వేల వీడియోలు ఉన్నాయన్నది నాకు అనవసరం.

ముందుగా ఫెట్ (PhET), సైన్సు ప్రయోగాలు స్క్రీన్ మీదే చేయించే సైట్. అమెరికాలో కొలరాడో యూనివర్సిటీ వాళ్లది. నోబెల్ బహుమతి అందుకున్న ఫిజిక్స్ ప్రొఫెసర్ కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టారు. ఇందులో ఎవరూ పాఠం చెప్పరు. బొమ్మలుంటాయి, మనమే కదపాలి. ఇదిగో, స్క్రీన్ మీద సర్క్యూట్ కిట్ తెరిచాను. బ్యాటరీ 9 వోల్టులు, బల్బు 10 ఓమ్‌లు. వైర్లు కలిపాను, వెలిగింది. కరెంటు కొలిచే అమ్మీటర్ పెడితే 0.90 ఆంపియర్లు. ఇప్పుడు రెండో బల్బుని శ్రేణిలో, అంటే ఒకదాని వెనక ఒకటిగా, కలుపుతున్నాను... చూశారా, రెండూ మసకబారాయి, రీడింగ్ 0.45కి పడిపోయింది. అదే బల్బుని విప్పి సమాంతరంగా, అంటే దేని దారి దానికి ఉండేలా, మన ఇంటి వైరింగ్‌లాగా కలిపితే? రెండూ మొదట్లోలాగే వెలుగుతున్నాయి, కానీ బ్యాటరీ దగ్గర 1.80 చూపిస్తోంది. మన ఇళ్లలో ఫ్యాను ఆపితే లైటు ఎందుకు ఆరిపోదో ఇక్కడే తెలిసిపోతుంది. నీలం చుక్కలు ఎలక్ట్రాన్లు. పుస్తకంలో చెప్పే కరెంటు దిశ (ఎలక్ట్రాన్లకి ఎదురు దిశ) కావాలంటే పక్కన మార్చుకోవచ్చు. ఇక బల్బు తీసేసి బ్యాటరీ రెండు కొసలూ ఉత్త వైరుతో కలిపితే... మంట! ఏ పిల్లాడైనా ముందు చేసేది ఇదే. చేయనివ్వండి, ఇక్కడ నిజంగా కాలిపోయేదేమీ లేదు. ఇంట్లో ప్లగ్గు దగ్గర మాత్రం వద్దని గట్టిగా చెప్పండి.

కొన్ని బొమ్మలకు తెలుగు ఉంది, అన్నిటికీ లేదు. ఇంకో సుఖం, ఫైల్ ఒక్కసారి దించుకుంటే నెట్ లేకపోయినా బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. తుపాను వచ్చిందంటే సిగ్నల్ ఎప్పుడు తిరిగొస్తుందో తెలియని ఊళ్లు మనవి, ఇది చిన్న విషయం కాదు.

లెక్కలకి ఖాన్ అకాడమీ. పెట్టినాయన పేరు సల్మాన్ ఖానే, సినిమా ఆయన కాదులెండి. 2008 నుంచి లాభాపేక్ష లేని సంస్థగా నడుస్తోంది, ప్రకటనలు ఉండవు. తెలుగు మీడియం పిల్లలకి ఆ ఇంగ్లీషు వీడియోలు ఎక్కవు. నా మాట వింటే వీడియోలు వదిలేసి అభ్యాసాలు చేయించండి. తప్పు చేస్తే మెట్టు మెట్టుగా హింట్ ఇస్తుంది. ఎనిమిదో తరగతి పిల్లాడు లెక్కల్లో తడబడుతుంటే నామోషీ పడకుండా ఆరో తరగతి భిన్నాల నుంచి మొదలుపెట్టించండి. చాలామందికి అడ్డం అక్కడే ఉంటుంది.

పుస్తకాల సంగతి రెండు ముక్కల్లో. 2024-25 నుంచి మన పదో తరగతికి కూడా ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్ వచ్చింది కాబట్టి, ఆ సంస్థ సైట్‌లో పాఠాల వారీగా ఉచితంగా ఉన్న పీడీఎఫ్‌లు ఇప్పుడు మనకీ పనికొస్తాయి. అయితే ఇంగ్లీషు, తెలుగు ఎదురెదురు పేజీల్లో ఉండే మన రాష్ట్ర పుస్తకాన్ని పక్కన పెట్టుకునే చదవండి.

ఎచ్చెర్లలోనో విజయనగరంలోనో బీటెక్ చేస్తున్న పిల్లలకి ఎన్‌పీటెల్ (NPTEL), కాలేజీ పాఠాల సైట్. ఐఐటీలూ, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి నడుపుతున్నాయి. చేరడం ఫ్రీ, పాఠాలు ఫ్రీ. సర్టిఫికెట్ కావాలంటేనే 1000 రూపాయలు కట్టి సెంటర్‌కి వెళ్లి పరీక్ష రాయాలి. దగ్గర్లో సెంటర్ ఏదో ఫీజు కట్టకముందే చూసుకోండి. వారం వారం ఇచ్చే అసైన్‌మెంట్లకి 25, పరీక్షకి 75. పాస్ కావాలంటే అటు 10, ఇటు 30 విడివిడిగా రావాలి. టెలిగ్రామ్ గ్రూపుల్లో జవాబులు కాపీ కొట్టి పాతిక్కి పాతిక తెచ్చుకునేవాళ్లు హాల్లో ఆ ముప్పై దగ్గర బోల్తా పడతారు. పాఠాలు కొన్ని మరీ నిదానంగా సాగుతాయి, స్పీడ్ 1.25లో పెట్టుకోండి.

కంప్యూటర్ నేర్చుకునే డిగ్రీ పిల్లలకి ఐఐటీ బొంబాయి వాళ్ల స్పోకెన్ ట్యుటోరియల్. తెలుగు గొంతుతో చాలా పాఠాలు ఉన్నాయి. ఒక్కోటీ చిన్నవే. కొంచెం చూడటం, ఆపడం, అదే మన సిస్టమ్‌లో చేయడం. దీనికి రావాల్సినంత పేరు రాలేదని నా బాధ.

తెలుగు సాహిత్యానికైతే వికీసోర్స్, పాత పుస్తకాలు ఉచితంగా చదువుకునే సైట్. గురజాడ వారి ఊరి పిల్లలు ఆయన రచనల కోసం పాత పుస్తకాల షాపులు వెతకనక్కర్లేదు. మాటల అర్థాలకి ఆంధ్రభారతి సైట్. ఒక మాట కొడితే అనేక నిఘంటువులు ఒకేసారి వెతికిపెడుతుంది. పాత పుస్తకాల స్కాన్లకి ఆర్కైవ్ (archive.org) సైట్. అక్కడ తెలుగు పేర్లని ఇంగ్లీషు అక్షరాల్లో ఇష్టమొచ్చినట్టు ఎక్కించేశారు. ఒక స్పెల్లింగ్‌తో దొరక్కపోతే లేదనుకోకండి, అచ్చులు మార్చి మార్చి కొట్టండి.

బయాలజీకి మాత్రం తెలుగులో, చేతికి పని చెప్పేది, నన్ను మెప్పించింది ఇంకా కనబడలేదు. వీడియోలు బోలెడున్నాయి, అన్నీ పుస్తకాన్ని పైకి చదివి వినిపించేవే. మీరు వాడి బాగుందనుకున్నది ఉంటే కింద రాయండి, మా పిల్లల చేత పట్టించి చూస్తాను.