ఆదివారం అమెరికన్లు: టోక్యో యోయోగి పార్కు కుర్రాళ్లు

(తెరపై: యోయోగి పార్కు గేటు. నల్ల తోలు జాకెట్లు, నూనె రాసి నుదుటి మీద ఎత్తుగా దువ్విన జుట్టు, రాక్ అండ్ రోల్ పాటకు డ్యాన్స్.)

జపాన్‌లో బడి ఎగ్గొట్టి, గొడవలు పెట్టుకుంటూ తిరిగే కుర్రాళ్లను ఏమంటారో తెలుసా? 'యాంకీ'. అంటే అమెరికావాడు! అమెరికా మొహం చూడని పిల్లలకు ఈ అమెరికా పిచ్చి ఎలా పట్టింది?

(పాత నలుపు-తెలుపు ఫొటోలు.)

ఈ పార్కు ఉన్నచోట 1946లో అమెరికా సైనిక కుటుంబాల కోసం ఓ కాలనీ కట్టారు. పేరు వాషింగ్టన్ హైట్స్. యుద్ధంలో ఓడి, తిండికి కటకటలాడుతున్న నగరంలో పచ్చని లాన్లు, పెద్ద పెద్ద కార్లు. జపనీయులు కంచె బయట నుంచి చూడాల్సిందే. 1964 ఒలింపిక్స్ సమయంలో ఆ స్థలం తిరిగొచ్చింది, 1967లో పార్కయింది. పక్కనే ఉన్న హరాజుకు అనే పేటలో మాత్రం అమెరికన్ల కోసం వెలసిన దుకాణాలు అలాగే నిలిచాయి.

(తోలు జాకెట్లలో నలుగురి బ్యాండ్.)

1972లో 'కారోల్' అనే రాక్ అండ్ రోల్ బ్యాండ్ వచ్చింది. దాని గాయకుడు ఎయికిచి యజావాది హిరోషిమా. అణుబాంబు రేడియేషన్ వల్ల వాళ్ల నాన్న చనిపోయేనాటికి అతను చిన్నపిల్లవాడు. అలాంటి పిల్లవాడే పెద్దయ్యాక ఆ బాంబు వేసిన దేశపు సంగీతాన్ని ఎత్తుకున్నాడు. ఈ కథలో నన్ను కదిలించేది ఇదే.

(ఆదివారం, వాహనాలు ఆపేసిన రోడ్డు.)

1977 నుంచి హరాజుకు రోడ్డును ఆదివారాలు నడిచేవాళ్లకు వదిలేశారు. అక్కడికి చేరి రాక్ అండ్ రోల్‌కు ఆడినవాళ్లను 'రోలర్ జోకు' అన్నారు. జోకు అంటే తెగ. ఈ కుర్రాళ్లకు వారమంతా యూనిఫాం, పరీక్షల టెన్షన్, జుట్టు ఎంత పొడవుండాలో చెప్పే బడి రూల్స్. చదువు అబ్బనివాడికి మంచి కంపెనీ ఉద్యోగం అందని ద్రాక్షే.

దీన్ని కాపీ అని కొట్టిపారేస్తే నేను ఒప్పుకోను. అమెరికా వెళ్లిపోవాలన్న తపన ఇందులో పెద్దగా లేదు. జపాన్ కుర్రాడు ఇలాగే ఉండాలి అనే లెక్క నుంచి ఒక్క పూట సెలవు కావాలి, అంతే. అయినా వాళ్లను జపాన్ వదల్లేదు! ఈ గుంపుల్లో సీనియర్‌కు, అంటే 'సెంపాయ్'కి, వంగి నమస్కారం పెట్టాల్సిందే. అడుగులు కూడా అందరూ కలిపే వేయాలి.

(ఇప్పటి దృశ్యం.)

1998లో ఆ రోడ్డు మళ్లీ వాహనాలకు వెళ్లిపోయింది. వాళ్లు పార్కు గేటు దగ్గరికి జరిగారు. ఇప్పటికీ కొందరు వస్తారు. జుట్టు పలచబడినా దువ్వే తీరు మారలేదు. కెమెరా కిందికి దించండి: తారు మీద ఆడి ఆడి అరిగిన బూట్లకు చుట్టూ టేపు వేసి ఉంటుంది.