మొక్క నాటేవాళ్లు సరే, నీళ్లు పోసేదెవరు?

హోస్ట్: నమస్కారం. చలి వదిలింది, ఎండలు ఇంకా ముదరలేదు. ఇలాంటప్పుడు ఏ వీధి వాట్సాప్ గ్రూపు తెరిచినా ఒకటే సందడి. ఈ ఆదివారం పార్కు శుభ్రం చేద్దాం, వచ్చే ఆదివారం మొక్కలు నాటుదాం, ఆ పై వారం గోడకి రంగేద్దాం. ఇలాంటి పనులు చాలా ఏళ్లుగా నడిపిస్తున్న అక్క ఇవాళ మనతో ఉన్నారు. అక్కా, స్వాగతం.

అతిథి: నడిపించడమంటే పెద్ద మాట తమ్ముడూ. పారలు ఎవరింట్లో ఉన్నాయో, గ్లవ్స్ ఎవరు పట్టుకెళ్లి తిరిగివ్వలేదో గుర్తుపెట్టుకునే మనిషిని నేను.

హోస్ట్: [నవ్వు] అసలు పని అదే కదా. సరే, సూటిగా అడిగేస్తా. ఈ ఆదివారం కార్యక్రమాలన్నీ ఫొటోల కోసమే అనేవాళ్లున్నారు. మీరేమంటారు?

అతిథి: ఫొటో దిగితే తప్పేముంది, దిగనీ. అది చూసి ఇంకో ఇద్దరొస్తారు. నా పేచీ ఫొటోతో కాదు, దాని తర్వాత వచ్చే మూడు నెలలతో. వసంతంలో జనం బయటికి రావడం వింతేమీ కాదు, వాతావరణమే లాక్కొస్తుంది. ఎండ ముదిరాక, పిల్లలకి సెలవులిచ్చి సగం వీధి ఊళ్లకి వెళ్లిపోయాక, ఆ నాటిన మొక్కకి బకెట్ నీళ్లు ఎవరు పోస్తారు? అది ముందే తేలాలి. తేలకపోతే నాటడం మానేయండి.

హోస్ట్: మానేయమంటున్నారా!

అతిథి: మొక్కల సంగతి వరకే. చెత్త ఏరడానికి అంత ఆలోచన అక్కర్లేదు, ఎంత ఏరితే అంత లాభం. మొక్క నాటితే మాత్రం రెండు మూడేళ్ల బాధ్యత మొదలవుతుంది. కొత్తగా నాటిన చెట్టుకి వేళ్లు చుట్టుపక్కల నేలలోకి పాకేవరకు నీళ్లు అందించాల్సిందే. పైగా ఎప్పుడు నాటాలన్నది కూడా ఉంది. 1872 ఏప్రిల్ 10న అమెరికాలోని నెబ్రాస్కాలో చెట్లు నాటే రోజుగా ఆర్బర్ డే మొదలైంది. మోర్టన్ అనే పత్రికా సంపాదకుడి ఆలోచన అది. ఆ ఒక్క రోజే పది లక్షల చెట్లు నాటారని చెబుతారు. ఇప్పుడు ఆ దేశంలో జాతీయ స్థాయిలో ఏప్రిల్ ఆఖరి శుక్రవారం చేస్తారు. ఫ్లోరిడాలో మాత్రం జనవరి మూడో శుక్రవారం.

హోస్ట్: అంత ముందా? ఎందుకు?

అతిథి: అక్కడ నాటడానికి అదను అప్పుడు. నేలనీ వాననీ చూసుకుని తేదీ పెట్టుకున్నారు. మనం చేసే పొరపాటేంటంటే, ఎక్కడో మంచు కరిగే దేశంలో వసంతంలో నాటుతున్నారని మనమూ అప్పుడే నాటుతాం. వసంతం వెనకే మండుటెండలొచ్చే చోట ఆ పని వానలకి వాయిదా వేయాలి. వసంతంలో గుంతలు తవ్విపెట్టుకోవచ్చు, ఎరువు సిద్ధం చేసుకోవచ్చు, వానలొచ్చేలోపు రోడ్డు పక్క వాననీటి కాలువల్లో ఆకులూ కవర్లూ తీసేయొచ్చు. ఫొటోకి అంత బాగుండదు గానీ, మొదటి పెద్ద వానకి ఎవరి గుమ్మంలోకీ నీళ్లు రాకపోతే దాని విలువ తెలుస్తుంది. ఒక్క మాట, గట్టిగా చెప్తున్నా: మూతలున్న మురుగు కాలువలోకీ, మ్యాన్‌హోల్‌లోకీ వాలంటీర్లు ఎవరూ దిగకూడదు. లోపల విషవాయువులుంటాయి, ప్రాణాలు పోతాయి. పైన కనిపించే చెత్త వరకే మన పని.

హోస్ట్: ఇది వినేవాళ్లు రాసిపెట్టుకోండి. ఇంతకీ నాటడంలో కూడా పద్ధతి ఉంటుందా? గుంత తీసి పెట్టేయడమే కదా అనుకుంటాం.

అతిథి: లోతుగా పాతేస్తారు తమ్ముడూ, అదే జబ్బు. కాండం అడుగున వెడల్పై వేళ్లు మొదలయ్యే చోటుంటుంది చూడు, అది నేల మట్టానికి కనిపించాలి. గుంత లోతు వేళ్ల మట్టి ముద్ద ఎత్తుకి మించకూడదు, వెడల్పు మాత్రం దానికి రెండు మూడు రెట్లుండాలి. పైన ఎండుటాకులో చెక్కపొట్టో పరిస్తే తేమ నిలుస్తుంది. అయితే దాన్ని కాండానికి ఆనించి కుప్పగా పోస్తారు, బెరడు కుళ్లుతుంది. కాండం చుట్టూ కాస్త ఖాళీ వదిలి ఉంగరంలా పరచాలి. మందం ఐదు నుంచి పది సెంటీమీటర్లు చాలు. ఊతకర్ర కడితే ఏడాది తిరిగేసరికి విప్పేయాలి. లేకపోతే ఆ తాడే చెట్టుని కోసేస్తుంది.

హోస్ట్: ఇప్పుడు నా దగ్గరున్న పెద్ద ప్రశ్న. గ్రూపులో మెసేజ్ పెడితే యాభై మంది బొటనవేలు చూపిస్తారు. ఆదివారం పొద్దున చూస్తే ఆరుగురు. ఎందుకిలా?

అతిథి: "అందరూ రండి" అంటే ఎవరినీ పిలవనట్టే. రింగెల్‌మన్ అని ఒక ఫ్రెంచ్ వ్యవసాయ ఇంజనీరు ఉండేవాడు. మనుషుల చేత తాడు లాగించి బలం కొలిచాడు, 1913లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఒక్కడే లాగితే ఎంత బలం పెడతాడో, ఎనిమిది మందితో కలిసి లాగినప్పుడు ఒక్కొక్కరి వాటా దాంట్లో దాదాపు సగానికి పడిపోయింది.

హోస్ట్: బద్ధకమా?

అతిథి: కొంత సమన్వయం కుదరకపోవడం. అందరూ ఒకే క్షణంలో లాగలేరు కదా. కొంత మాత్రం నువ్వన్నదే. 1979లో అమెరికాలో చప్పట్లు కొట్టించి, కేకలు వేయించి మళ్లీ చూశారు. గుంపులో ఉన్నప్పుడు ఒక్కొక్కరూ తగ్గించేశారు. తర్వాత తేలిందేంటంటే, ఎవరు ఎంత చేశారో విడిగా తెలుస్తుందంటే ఆ తగ్గుదల పోతుంది. నేను దీన్ని వీధిలోకి తెచ్చుకున్నా. గ్రూపులో మెసేజ్ పెట్టను, ఫోన్ చేస్తా. "మీ గేటు నుంచి మలుపు వరకు మీది, ఏడు నుంచి ఎనిమిదిన్నర వరకు, తర్వాత మీ దారిన మీరు వెళ్లొచ్చు." పని ఏది, ఎక్కడ, ఎంతసేపు. ఈ మూడూ చెబితే ఎక్కువమంది ఒప్పుకుంటారు. జనానికి పనంటే భయం లేదు. ఒకసారి దొరికిపోతే వదలరేమోనని టెన్షన్. ఎప్పుడు ముగుస్తుందో ముందే చెప్పేస్తే ఆ టెన్షన్ పోతుంది.

హోస్ట్: ఇది నాకు బాగా తగిలింది. నేను తప్పించుకునేది సరిగ్గా అందుకే. [నవ్వు]

అతిథి: తెలుసులే. తేదీ కూడా అంతే. 1970లో ధరిత్రీ దినం మొదలైంది కదా, ఏప్రిల్ 22. అమెరికా సెనేటర్ గేలార్డ్ నెల్సన్ మొదలుపెట్టాడు. ఆ తేదీ ఎందుకంటే, కాలేజీ పిల్లలకి వసంత సెలవులకీ చివరి పరీక్షలకీ మధ్య కుదిరే రోజు అది. రెండు కోట్ల మంది పాల్గొన్నారంటారు. ఎవరు రావాలో ముందు అనుకుని, వాళ్లకి ఎప్పుడు వీలవుతుందో చూసి రోజు పెట్టారు. మనం చేసేది తిరగేసి. మనకి ఖాళీ ఉన్న రోజు పెట్టేసి, వాళ్లు రాలేదని తిట్టుకుంటాం.

హోస్ట్: చెత్త ఏరడం గురించి కాస్త. ఒక దేశం మొత్తం ఒక్క రోజులో శుభ్రం చేశారని విన్నాను. నిజమేనా?

అతిథి: ఎస్తోనియా. 2008 మే 3. ఆ దేశ జనాభాయే పదమూడు లక్షలు, అందులో యాభై వేల మంది వచ్చారు. అడవుల్లో, రోడ్ల పక్కన అక్రమంగా పోసిన చెత్త దాదాపు పదివేల టన్నులు ఎత్తారు. పని నడిచింది ఐదు గంటలే. అందరూ ఆ ఐదు గంటల గురించే చెబుతారు. నాకు నచ్చింది దానికి ముందు నెలల్లో చేసిన పని. వాలంటీర్లు తిరిగి ఎక్కడెక్కడ చెత్త కుప్పలున్నాయో ఫొటోలు తీసి, పదివేలకు పైగా చోట్లని మ్యాపు మీద గుర్తించారు. ఆ రోజు పొద్దున ఎవరు ఎక్కడికెళ్లాలో, ఎత్తింది ఎటు పోవాలో తెలుసు. వీధి స్థాయిలో చూస్తే మన దగ్గర తేడా ఎక్కడొస్తుందంటే, సంచులు నింపేస్తాం, ఆ సంచులు తీసుకెళ్లే బండి ఎవరిదో అడగం. అవి రోడ్డు పక్కనే పడుంటాయి. నాలుగో రోజుకి కుక్కలు చింపేస్తాయి. ముందు కంటే అసహ్యంగా తయారవుతుంది. అందుకని ముందు స్థానిక సంస్థ ఆఫీసుకెళ్లి బండి ఏ రోజు ఖాయమో కనుక్కోవాలి. ఆ రోజే మన రోజు.

హోస్ట్: ఆఫీసుకెళ్తే పనవుతుందా?

అతిథి: మొదటిసారే అవదు. మా అనుభవంలో ఒక ఆఫీసులో కాగితం ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి తిరుగుతూనే ఉండిపోయింది. కానీ "మాకు ఫలానా వీధి మలుపులో, ఫలానా తేదీన, ఇన్ని సంచులకి బండి కావాలి" అని రాసిస్తే, "మా వీధి బాగుచేయండి" అని రాసిన దానికంటే తొందరగా కదులుతుంది. అడిగింది చిన్నదైతే వాళ్లకి కాదనడం కష్టం. అలాగే ఏరేటప్పుడు గ్లవ్స్ తప్పనిసరి. సూదులు, పగిలిన గాజు, ఉబ్బిన బ్యాటరీలు, పేరు లేని డబ్బాలు పిల్లలు ముట్టుకోకూడదు. వాటికి ఒక పెద్దమనిషిని పెట్టి, గట్టి డబ్బాలో విడిగా వేయించాలి.

హోస్ట్: మరీ శుభ్రం చేసేయడం కూడా సమస్యేనని ఒకసారి అన్నారు.

అతిథి: అవును. వసంతం పక్షులు గూళ్లు కట్టే కాలం. అప్పుడే కంచె చెట్లని, పొదలని నున్నగా కత్తిరించేస్తారు. ముందు లోపలికి తొంగిచూడాలి. గూడు కనిపిస్తే ఆ పొద జోలికి పోకూడదు. చలి దేశాల్లో అయితే ఎండిపోయిన బోలు కాడల్లో ఒంటరి తేనెటీగలు చలికాలమంతా దాక్కుంటాయి, ఇంకా వెచ్చబడకముందే కోసేసి కాల్చేస్తే అవీ పోతాయి. నేల తడిసి ముద్దగా ఉంటే దాని మీద అందరూ తొక్కుతూ తిరగకూడదు. గుప్పెడు మట్టి పిసికి చూడు. వేలితో తాకితే పొడిపొడిగా విడిపోవాలి. ముద్దగానే ఉండిపోతే పని ఇంకో వారం ఆపేయాలి.

హోస్ట్: అందరూ పార పట్టలేరు కదా. మోకాళ్ల నొప్పులవాళ్లు, పెద్దవాళ్లు...

అతిథి: వాళ్లని "మీరు కూర్చోండి" అంటాం చూడు, నాకు అస్సలు నచ్చదు. 2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మార్టినే పోస్ట్‌మా అనే ఆవిడ రిపేర్ కేఫ్ మొదలుపెట్టింది. పాడైన ఫ్యానో, ఇస్త్రీపెట్టో, చిరిగిన బట్టో తెస్తే, పని తెలిసినవాళ్లు పక్కన కూర్చుని బాగుచేయడం నేర్పుతారు. ఇప్పుడది చాలా దేశాల్లో ఉంది. రిటైరైన ఎలక్ట్రీషియన్ ఆ బల్ల దగ్గర కూర్చుంటే ఆరోజుకి ఆయనే హీరో.

ఇంకోటి చెప్పాలి. 1999లో పారిస్‌లో పెరిఫాన్ అనే ఆయన పొరుగువాళ్ల పండగ మొదలుపెట్టాడు. వసంతం చివర్లో జరుగుతుంది. అంతకుముందు అక్కడి ఒక భవనంలో ఒక ముసలావిడ ఒంటరిగా చనిపోతే చాలా కాలం ఎవరికీ తెలియలేదట. ఆ సంగతి ఆయన్ని కుదిపేసింది. ఏ పనీ ఉండదు ఆ రోజు, అందరూ కిందికి దిగి కాసేపు కలిసి కూర్చుంటారు. నేను మొదట్లో ఇలాంటివాటిని కాలక్షేపం అనుకునేదాన్ని. ఇప్పుడు ఏడాదిలో మొదటి కార్యక్రమం ఇదే పెట్టమంటా. పేర్లు తెలియనివాళ్ల చేత చెత్త ఎత్తించడం కష్టం.

హోస్ట్: చివరిగా శ్రోత ఒకరి ప్రశ్న. "మా మలుపులో ఖాళీ జాగాలో బెంచీలు వేద్దామంటే ఎదురింటాయన ససేమిరా అంటున్నారు. ఏం చేయాలి?"

అతిథి: ముందు ఆయన ఇంటికెళ్లి కారణం అడగండి. చాలావరకు రాత్రిళ్లు కుర్రాళ్లు చేరి గోల చేస్తారనే భయమే. ఆ భయం అబద్ధం కాదు కదా. అప్పుడు సిమెంటు బెంచీ కట్టకండి. 2009 మే నెలలో న్యూయార్క్ వాళ్లు టైమ్స్ స్క్వేర్‌లో బ్రాడ్‌వే మీద కార్లు ఆపేసినప్పుడు, సరైన ఫర్నిచర్ ఇంకా రాలేదని చవకరకం మడత కుర్చీలు వందల కొద్దీ తెచ్చి పడేశారు. జనం కూర్చున్నారు. కుర్చీలు బాగోలేవని వెక్కిరించారు గానీ, కార్లు ఎందుకాపారన్న గొడవ కాస్త పక్కకి పోయింది. మరుసటి ఏడాది దాన్ని శాశ్వతం చేస్తున్నట్టు ప్రకటించారు. మీరూ నాలుగు కుర్చీలు ఒక నెల వేసి చూడండి. చీకటి పడగానే లోపల పెట్టేసే బాధ్యత ఎవరిదో పేరు రాసుకోండి. నెల తర్వాత ఆయన్నే అడగండి ఉంచాలా తీసేయాలా అని. తీసేయమంటే తీసేయాలి మరి, మాట ఇచ్చాక.

హోస్ట్: ఆ కుర్చీలు లోపల పెట్టేది ఆయనే అయితే?

అతిథి: [నవ్వు] అయితే ఇంకేం, ఇప్పుడే వెళ్లి అడిగేయమను!

హోస్ట్: సరే, ఆ శ్రోత ఏమైందో మాకు వాయిస్ మెసేజ్ పెట్టాలి. వచ్చే వారం వీధి కుక్కలకి టీకాలు వేయించే వాలంటీర్లతో మాట్లాడదాం. అక్కా, థ్యాంక్యూ.

అతిథి: ఉంటా తమ్ముడూ. మీ స్టూడియో బయట కుండీలు ఎండిపోతున్నాయి, చూసుకో.