సోమవారం ఆకలి

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా ఉన్న మీ అందరికీ నమస్కారం. వంటశాల వార్షికోత్సవం కాబట్టి ఏడాది లెక్కలు చదవమన్నారు. ఆ కాగితం మీ చేతుల్లోనే ఉంది. నేను సోమవారం గురించి చెప్తాను.

పదకొండేళ్లుగా పిల్లలకు వడ్డిస్తున్నాను. మిగతా రోజుల్లో రెండు గరిటెలు చాలనే పిల్లలే సోమవారం మూడోసారి పళ్లెం చాపుతారు. శని, ఆదివారాలు మనం పొయ్యి వెలిగించం కదా. ఇంట్లో ఉంటే తింటారు, లేకపోతే లేదు.

ఎనిమిదేళ్ల పాప ఒకతె సోమవారం మొదటి పీరియడ్‌లోనే బల్ల మీద తల వాల్చేసేది. బద్ధకమని టీచర్ నిలబెట్టారు. నేనూ బద్ధకమే అనుకున్నాను. మధ్యాహ్నం తిన్నాక అదే పాప పదమూడో ఎక్కం గడగడా అప్పజెప్పింది. అప్పటి నుంచి ఏ పిల్లనైనా మొద్దు అంటే నాకు ఒళ్లు మండుతుంది.

చిన్నపిల్లల ఒంటికి అందే శక్తిలో దాదాపు 40 శాతం మెదడే వాడుకుంటుంది. పెద్దవాళ్లలో అది 20 శాతం. పైగా ఐరన్ తక్కువైతే కడుపు నిండినా రక్తం పట్టదు, పాఠం మీద ధ్యాస నిలవదు. అందుకే పప్పు, ఆకుకూర తగ్గించొద్దని పోట్లాడతాను. పక్కన ఒక పుల్లటి పండు ఉంటే ఆ ఐరన్ ఒంటికి ఇంకా బాగా పడుతుంది.

మేరీస్ మీల్స్ అనే సంస్థ 2002లో ఆఫ్రికాలోని మలావీ దేశంలో 200 మంది పిల్లలతో మొదలైంది. ఇప్పుడు 20 లక్షల మందికి పైగా, బడి ఉన్న ప్రతి రోజూ, బడిలోనే పెడుతోంది. తిండి కోసం వచ్చిన పిల్ల పాఠానికీ కూర్చుంటుంది. ప్రతి రోజూ. ఈ మాట ఒక్కటి గుర్తుపెట్టుకోండి.

ఒకసారి ఒక దాత వస్తున్నారని, ఫొటో కోసం వడ్డించిన పళ్లాల ముందు పిల్లల్ని గంటసేపు కూర్చోబెట్టాం. ఒక చిన్నోడు పళ్లెం అంచును వేలితో తాకి, మా వైపు చూసి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ చెయ్యి నేను మర్చిపోలేను.

అమ్మా, అయ్యా, పుట్టినరోజుకు ఇచ్చే సొమ్మునే పన్నెండు నెలలకు పంచి ఇవ్వండి. ఎన్ని సరుకులు కొనాలో మాకు ముందే తెలుస్తుంది. శని, ఆదివారాలు వండడానికి ఇద్దరు, వడ్డించడానికి పది మంది కావాలి. పేర్లు రాసే పుస్తకం తలుపు దగ్గరే ఉంది.

ఇంకా చెప్పాల్సింది ఉంది. కానీ పిల్లలు చేతులు కడుక్కుని కూర్చున్నారని అక్కడి నుంచి సైగ చేస్తున్నారు. నేను వెళ్లి వడ్డిస్తాను.